రెండు మొనల ఉష్ణమాపకం: ఎన్నికలో గమనించవలసిన సంగతులు

వేడిమిని కొలిచే సాధనాన్ని తెలుగులో ఉష్ణమాపకమనీ, ఉర్దూలో మిఖ్యాసుల్ హరారత్ అనీ అంటాము. 1917లో హైదరాబాదులో నెలకొన్న దారుల్ తర్జుమా ఉర్దూలోను, 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి తెలుగులోను శాస్త్ర పరిభాషను రూపొందించి కళాశాల విద్యకు బాట వేసిన సంగతి ఈ సంచిక పాఠకులకు కొత్త కాదు. అయితే పని జరిగే చోట ఈ రెండు మాటలూ వినిపించవు. అక్కడ అందరి నోటా ధర్మామీటరే. మాట ఏదైతేనేమి గాని, ఆ సాధనం చేతిలో లేకుండానే శీతల యంత్రాలకు వైద్యం చేసే అలవాటు మాత్రం బాగా పాతుకొనిపోయింది. ఈ వ్యాసం వ్రాయడానికి అదే కారణం.

ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిభట్లలో నేడు సాఫ్ట్‌వేరు కార్యాలయం, విమాన భాగాల కర్మాగారాలు ఉన్నాయి. కొంగర కలాన్‌లో జిల్లా కలెక్టరు కార్యాలయ సముదాయం 2022లో ప్రారంభమైంది. ఇట్టి భవనాలన్నిటికీ చల్లదనం కావాలి. ఆ చల్లదనాన్ని కాపాడే చేతులు కావాలి. ఐ.టి.ఐ.లలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ పని రెండేండ్ల కోర్సుగా బోధింపబడుతున్నది. 2019లో భారత ప్రభుత్వం ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక, లక్షమంది సర్వీసు పనివారికి శిక్షణనిచ్చి ధ్రువపత్రాలివ్వాలని సంకల్పించింది. మన విద్యార్థుల అన్నదమ్ములలో ఈ పని నేర్చి నగరానికి, గల్ఫు దేశాలకు వెళ్లేవారు కొద్దిమంది కారు. కనుక ఈ సాధనాన్ని ఎట్లా ఎన్నుకోవాలనే ప్రశ్న భౌతికశాస్త్రపు గదికి మాత్రమే పరిమితమైనది కాదు. ఇది అన్నం పెట్టే విషయం.

గ్యాస్ తగ్గిందా? గాలి తగ్గిందా?

ఏ.సి. చల్లగా రావడం లేదని కబురు వస్తుంది. మెకానిక్ వచ్చి గేజి తగిలిస్తాడు. ముల్లు తక్కువ చూపుతుంది. వెంటనే గ్యాస్ తగ్గిందని తీర్పు వెలువడుతుంది, సిలిండరు దిగుతుంది, గృహస్థు డబ్బు చెల్లిస్తాడు. పదిరోజులకు మళ్లీ అదే కబురు. ఇందులో మెకానిక్ నిజాయితీని మేము శంకించడం లేదు. అతడు ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పాడు, అంతే. రెండవ సాక్షి ధర్మామీటరు.

గదిలోని కాయిల్‌లో జరిగేది మన ఇంటి రంజన్‌లో జరిగే దానికి దగ్గరి చుట్టమే. రంజన్ గోడనుండి చెమరించిన నీరు ఆవిరవుతూ, లోపలి నీటినుండి గుప్తోష్ణాన్ని లాగుకొంటుంది. కాయిల్‌లో నీటికి బదులు శీతలకారి ద్రవం మరుగుతుంది. అది గది గాలినుండి వేడిమిని లాగుకొంటుంది. ద్రవం యావత్తూ ఆవిరి అయిన తరువాత, ఆ ఆవిరి కాయిల్ విడిచే లోపల మరికొన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. మరిగిన ఉష్ణోగ్రతకు, బయటికి వచ్చిన ఉష్ణోగ్రతకు నడుమ గల ఈ అంతరాన్నే సూపర్‌హీట్ అంటారు.

ఇప్పుడు రెండు రోగాలను పోల్చి చూడండి. శీతలకారి తగ్గినప్పుడు ఉన్న కొంచెం ద్రవమూ కాయిల్ మొదట్లోనే మరిగిపోతుంది. మిగిలిన దారి పొడవునా ఆవిరి ఊరకే వేడెక్కుతుంది. పీడనం తగ్గుతుంది, సూపర్‌హీట్ పెరుగుతుంది. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయినప్పుడు కాయిల్‌కు గాలి అందదు, మరగడానికి కావలసిన వేడిమి అందదు; ద్రవం పూర్తిగా ఆవిరి కాకుండానే చివరిదాకా వస్తుంది. ఇక్కడ కూడ పీడనం తగ్గుతుంది, కాని సూపర్‌హీట్ తగ్గిపోతుంది. గేజికి రెండు రోగాలూ ఒక్కటే. వాటిని విడదీసి చూపేది ఉష్ణోగ్రతల అంతరం. రెండవ రోగానికి మందు కుళాయి కింద ఫిల్టరు కడగడం. ఆ స్థితిలో గ్యాస్ నింపితే, ఆవిరి కాని ద్రవం కంప్రెసరులోకి చేరి దాని కవాటాలను దెబ్బతీస్తుంది. ఇంకొక మాట: శీతలకారి మూసిన గొట్టాలలో తిరిగేదే గాని కిరోసిన్ వలె ఖర్చయ్యేది కాదు. నిజంగా తగ్గి ఉంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారేచోటు వెదకకుండా నింపడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

అంకెలతో చూద్దాం. పాత యంత్రాలలో ఉండే ఆర్-22 శీతలకారికి గేజిలో 68.5 పౌండ్లు కనిపిస్తే, లోపల 4.4 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతున్నదని పట్టిక చెబుతుంది. కాయిల్ దాటిన లావు పైపు మీద 10.4 డిగ్రీలు ఉంటే సూపర్‌హీట్ 6 డిగ్రీలు. 20 డిగ్రీలు ఉంటే 15.6. ఆర్-410ఏ అయితే అదే 4.4 డిగ్రీలకు సుమారు 118 పౌండ్లు కావాలి. కనుక యంత్రం మీది రేకు చదవకుండా పట్టిక తెరవరాదు. ఎంత సూపర్‌హీట్ ఉండాలనేది కూడ ఒక్క అంకెగా కంఠస్థం చేయదగినది కాదు. కేపిలరీ గల యంత్రాలలో అది గది వేడిమిని, బయటి ఎండను బట్టి మారుతుంది. తయారీదారు ఇచ్చిన పట్టికే ప్రమాణం.

రెండు మొనల ఉష్ణమాపకం ఉంటే గేజి తగిలించకుండానే కొంత తెలుసుకోవచ్చు. ఒక మొనను కాయిల్‌లో ద్రవం ప్రవేశించిన తరువాతి వంపు మీద, రెండవ మొనను లావు పైపు మీద అమర్చితే, వాటి అంతరం సూపర్‌హీట్‌కు దగ్గరగా ఉంటుంది. కాయిల్‌లో పీడనం పడిపోయే మేరకు ఇందులో తేడా వస్తుంది గాని, గ్యాస్ చుక్క పోదు. నేర్చుకొనేవారికి ఇదే మంచి మెట్టు. సన్న పైపు మీద మరొక కొలత తీయవచ్చునని పుస్తకాలు చెబుతాయి. కాని మన ఇళ్లలోని స్ప్లిట్ ఏ.సి.లలో చాలావాటికి కేపిలరీ బయటి పెట్టెలోనే ఉంటుంది. గదిలోకి వచ్చే సన్న పైపు అప్పటికే చల్లబడి ఉంటుంది. ఆ పుస్తకపు కొలత అక్కడ పనికిరాదు.

గాలి కొలతకు కూడ రెండు మొనలు అవసరమే. ఒకటి గాలి లోనికి పోయే చోట, ఒకటి చల్లగాలి వచ్చే చోట, లోహాన్ని తాకకుండా వ్రేలాడదీయాలి. యంత్రం కనీసం పావుగంట నడిచిన తరువాత సాధారణంగా 8 నుండి 12 డిగ్రీల అంతరం కనిపిస్తుంది. ఒకే మొనను అక్కడికీ ఇక్కడికీ త్రిప్పుతూ ఉంటే, ఈ లోపల కంప్రెసరు ఆగినా వేగం మారినా మనకు తెలియదు. ఇన్వర్టరు ఏ.సి. గది చల్లబడగానే నెమ్మదిస్తుంది కనుక, పరీక్షించేటప్పుడు దానికి అతి తక్కువ ఉష్ణోగ్రత పెట్టాలి. వానకాలంలో అంతరం 8 దగ్గర నిలిచినంత మాత్రాన యంత్రాన్ని నిందించరాదు. గాలిలోని తేమను నీరుగా పిండడానికే దాని శక్తి కొంత ఖర్చవుతున్నది. బయటి గొట్టం కింద నిండే బకెట్టే దానికి సాక్ష్యం. (రిమోటు మీది అంకె మనం కోరినది, గదిలో ఉన్నది కాదు. 2020 జనవరి నుండి కొత్త ఏ.సి.లకు మొదటి అమరిక 24 డిగ్రీలుగా ఉండాలన్న నియమం వచ్చింది. రిమోటుపై 24 కనిపించగానే గదిలో 24 వచ్చిందనుకొనేవారు ఇంకా ఉన్నారు.)

మొనలో ఏమున్నది?

రెండు భిన్న లోహాల తీగలను కొనల వద్ద కలిపి, ఒక కలయికను వేడిచేస్తే విద్యుత్తు పుడుతుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు సీబెక్ 1821లో కనుగొన్నాడు. దగ్గరలోని దిక్సూచి ముల్లు కదలడం చూచి ఆయన అది అయస్కాంత ధర్మమనుకున్నాడు. విద్యుత్తని గుర్తించి పేరు పెట్టినది అయిర్‌స్టెడ్. ఈ జంటనే ఉష్ణయుగ్మం, అనగా థర్మోకపుల్ అంటాము. శీతల యంత్రాల పనిలో ఎక్కువగా వాడేది కె-రకం: క్రోమెల్, అల్యుమెల్ అనే మిశ్రలోహాల జంట. డిగ్రీకి ఇది ఇచ్చే వోల్టేజి సుమారు 41 మైక్రోవోల్టులు, అనగా వోల్టులో పది లక్షలవ వంతులు నలభై యొక్కటి. డిగ్రీలో పదవ వంతును చూపే మీటరు నాలుగు మైక్రోవోల్టులను పసిగట్టాలన్నమాట.

ఇక్కడ విద్యార్థులు తరచు విస్మరించే విషయం ఒకటి కలదు. ఉష్ణయుగ్మం తన మొన వద్ద ఎంత వేడిమి ఉన్నదో చెప్పదు. మొనకు, మీటరులో గుచ్చిన కొసకు నడుమ ఎంత తేడా ఉన్నదో మాత్రమే చెబుతుంది. కొస వద్ద ఉన్న ఉష్ణోగ్రతను మీటరు తనలోని వేరొక సాధనంతో కొలిచి, దానికి కలిపి మనకు చూపుతుంది. స్కూటరు డిక్కీలో ఎండకు కాగిన మీటరును చల్లని గదిలోకి తెచ్చి వెంటనే చూస్తే, ఆ రెండవ లెక్క కుదురుకోదు. చూపే అంకె తప్పుతుంది. పావుగంట ఓపిక పట్టాలి. అయితే రెండు మొనలూ ఒకే మీటరులో గుచ్చి ఉన్నప్పుడు ఈ తప్పు రెండింటిలోనూ దాదాపు సమానంగా ఉంటుంది కనుక, ఒకదానినుండి ఒకటి తీసివేయగానే చాలవరకు మాయమవుతుంది. రెండు వేర్వేరు మీటర్లు కొనడం కంటె రెండు మొనల మీటరు ఒకటి కొనడం మేలని మేము చెప్పడానికి ముఖ్యకారణం ఇదే. ధర తరువాతి మాట.

జె-రకంలో ఒక తీగ ఇనుము. నీరు చెమ్మగిల్లే పైపుల మీద తుప్పు పడుతుంది. టి-రకం రాగి, కాన్‌స్టంటన్‌ల జంట. చల్లని చోట కె-రకం కంటె నమ్మకమైనది. మీటరు మూడింటినీ అంగీకరిస్తే మంచిదే, కాని మీట తప్పు రకం మీద ఉంటే అంకె కూడ తప్పుతుంది. కొస ప్లగ్గులో వెడల్పయిన పిన్ను ఋణధ్రువం. అమెరికా పద్ధతిలో పసుపు, ఎరుపు తీగలు వస్తాయి; అందులో ఎరుపే ఋణధ్రువమంటే మన ఎలక్ట్రీషియన్లు నమ్మరు! తీగ చాలలేదని మామూలు రాగి తీగతో అతుకు వేయడం అన్నిటికంటె పెద్ద అపరాధం.

దశాంశం చూచి మోసపోరాదు

దుకాణంలో మీటరు తెరమీద 10.4 అని కనబడగానే, నాలుగు పదవ వంతుల దాకా నిజమని భ్రమిస్తాము. ఎంత సన్నగా చూపుతుందన్నది వేరు, ఎంత నిజం చూపుతుందన్నది వేరు. పెట్టెలోని కాగితం మీద ఒక డిగ్రీ అటూ ఇటూ అని వ్రాసి ఉంటే, అది మీటరుకు మాత్రమే చెప్పిన మాట. మొన తప్పు అందులో చేరదు. అమెరికా ప్రమాణం ప్రకారం మామూలు తరగతి కె-రకం తీగకు 2.2 డిగ్రీల దాకా తప్పు అనుమతింపబడింది. ప్రత్యేక తరగతికి 1.1 డిగ్రీ. రెండు మామూలు మొనలలో ఒకటి పైకి, ఒకటి కిందికి తప్పితే అంతరంలో 4.4 డిగ్రీల తప్పు రావచ్చు. అప్పుడు పైన చెప్పిన 6 డిగ్రీల సూపర్‌హీట్ నిజానికి 1.6 కావచ్చు, 10.4 కావచ్చు. గ్యాస్ వేయాలా తీయాలా అనే తీర్పు దానితో తారుమారవుతుంది.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. శుద్ధమైన నీటితో చేసిన మంచును మెత్తగా దంచి, థర్మాస్ ఫ్లాస్కులో నింపి, సందులు మూసేంత చల్లని నీరు పోసి కలియబెట్టాలి. రెండు మొనలనూ కలిపి కట్టి, అడుగును తాకకుండా నడుమ ఉంచి, మూడు నాలుగు నిమిషాలు ఆగాలి. రెండూ 0 చూపాలి. ఒకటి 0.8, మరొకటి 0.9 చూపితే ఆ తేడాను మీటరులోని సవరణ మీటతో తుడిచివేయవచ్చు. ప్రతి మొనకు వేర్వేరుగా ఇట్టి సవరణ చేసుకొనే వీలు ఉన్నదా అని కొనేముందే అడగాలి. మా దృష్టిలో ఇది వెలుగు తెర కంటె, కంప్యూటరుకు తగిలించే తీగ కంటె ముఖ్యం. ఒకే చుట్ట తీగనుండి చేసిన మొనలు తీసుకొంటే వాటి తప్పులు కూడ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి.

మరిగే నీటితో సరిచూస్తామని కొందరంటారు. హైదరాబాదు, దాని పరిసరాలు సముద్రమట్టానికి 500 మీటర్ల ప్రాంతంలో ఉన్నాయి. ఇక్కడ నీరు 100 వద్ద కాదు, 98 డిగ్రీల సుమారులో మరుగుతుంది. ఆ సంగతి మరచి మీటరును 100కు త్రిప్పితే ఉన్న నిజం కూడ పోతుంది. మంచుకు ఈ చిక్కు లేదు.

పైపు మీద మొన ఎట్లా కూర్చున్నదన్నది కూడ అంతే ముఖ్యం. మీటరుతో ఉచితంగా వచ్చే పూస మొన గాలికి చాలును. పైపుకు పట్టుకొనే క్లాంపు మొన కావాలి. అది లేనప్పుడు పైపును శుభ్రంగా తుడిచి, పూసను గట్టిగా అదిమి కట్టి, పైన స్పాంజి చుట్టాలి. చుట్టకపోతే పైపు వేడిమి కొంత, గాలి వేడిమి కొంత కలిసి వస్తుంది. 2020లో కరోనా కాలాన అందరి నుదుటా గురిపెట్టిన పరారుణ తుపాకి ఇక్కడ పనికిరాదు. మెరిసే రాగి తన వేడిమిని చాలా తక్కువగా వెలువరించి, చుట్టుపక్కల వేడిమిని అద్దం వలె త్రిప్పికొడుతుంది.

తడి గుడ్డ చెప్పే రహస్యం

ఏ.సి. లేని ఇళ్లలో కూలరు ఉన్నది. ఏప్రిల్‌లో హాయినిచ్చిన కూలరు జులైలో ఉక్కపోతను పెంచుతుందేమని అందరూ అడుగుతారు. ఈ ప్రశ్నకు రెండు మొనల ఉష్ణమాపకం చక్కగా సమాధానమిస్తుంది. ఒక మొనను పొడిగా ఉంచండి. రెండవ దానికి శుభ్రమైన నూలు వత్తి తొడిగి, నీటిలో తడిపి, రెండింటినీ ఫ్యాను గాలిలో నీడపట్టున ఉంచండి. తడి మొన చల్లబడి ఒకచోట నిలుస్తుంది. ఆ అంకెకు దిగువకు ఏ కూలరూ గాలిని చల్లబరచలేదు.

పొడి మొన 40, తడి మొన 22 చూపినదనుకొందాం; గాలిలో తేమ నూటికి ఇరవై పాళ్ల ప్రాంతంలో ఉన్న మండు వేసవి అది. అంతరం 18. మంచి కూలరు అందులో ముప్పాతిక వంతు సాధిస్తే గాలి 13.5 డిగ్రీలు తగ్గి 26.5కు వస్తుంది. వానకాలంలో పొడి మొన 32, తడి మొన 26 అయితే అంతరం 6. అదే కూలరు సాధించేది 4.5 మాత్రమే. పైగా ఆ గాలి తేమతో బరువెక్కి వస్తుంది. యంత్రంలో లోపం లేదు, గాలిలో చోటు లేదు. ఈ ప్రయోగానికి కావలసినవి ఒక వత్తి, ఒక గిన్నెడు నీరు. కళాశాల ఆవరణలో నెలకొకసారి చేసి గోడపట్టికలో వ్రాస్తే, సంవత్సరాంతానికి మన ఊరి గాలి చరిత్ర విద్యార్థుల చేతివ్రాతలో నిలుస్తుంది.

వేడిచేసే పనులు మన ప్రాంతంలో స్వల్పం. గీజరు, సోలారు హీటరు అంతే. నిమిషానికి ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి సుమారు 70 వాట్లు కావాలి. మూడు వేల వాట్ల గీజరు గుండా నిమిషానికి రెండు లీటర్లు పారితే, లోనికి పోయే నీటికి, వచ్చే నీటికి 21 డిగ్రీల అంతరం ఉండాలి. చాలా తక్కువ వస్తే ముందుగా నీటి ధారను, వోల్టేజిని చూచి, ఆ తరువాత లోపలి కాయిల్‌ను అనుమానించాలి.

ఈ ఉష్ణమాపకం పనికిరాని చోటు ఒకటి చెప్పక తప్పదు. ఆరోగ్య కేంద్రాలలో టీకా మందులను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. హెపటైటిస్-బి వంటి టీకాలు గడ్డకడితే చెడిపోతాయి. రెండు డిగ్రీల తప్పు గల మొన 2 చూపినప్పుడు లోపల 0 ఉండవచ్చు. పసివానికి పొడిచిన సూదిలో మందు ఉన్నా రక్షణ ఉండదు. అట్టి చోట్లకు థర్మిస్టరు గాని ప్లాటినం మొన గాని గల, ధ్రువీకరించిన సాధనమే కావాలి. కె-రకం మీటరుతో అక్కడ మెకానిక్ యంత్రాన్ని మరమ్మతు చేయవచ్చును గాని, మందు భద్రమని పలుకరాదు.

కళాశాలకు కొనేటప్పుడు

కమిటీ పెద్దలకు మా మనవి ఇది. ఒకే ఒక ఖరీదైన మీటరు కొని బీరువాలో పెడితే విద్యార్థి దానిని అద్దం వెనుక చూడడం తప్ప ముట్టుకోడు. ఎన్.ఎ.బి.ఎల్. గుర్తింపు గల ప్రయోగశాల ధ్రువపత్రంతో ఒక మీటరును, దాని మొనలతో కలిపి కొనాలి. మొనను వదలి మీటరుకు మాత్రమే తీసుకొన్న పత్రం సగం పత్రమే. మిగిలిన డబ్బుతో మామూలు మీటర్లు నాలుగైదు కొని, మంచునీటిలో ధ్రువపత్రం గలదాని పక్కన పెట్టి సరిచూసి, ఒక్కొక్కదాని తప్పు ఎంతో చీటీ మీద వ్రాసి వెనుక అతికించాలి. నలుగురు విద్యార్థులకు ఒక మీటరు చేతికందితే చాలును.

అడగవలసిన ప్రశ్నలు స్వల్పం: రెండు మొనల అంకెలను, వాటి అంతరాన్ని తెరమీద నేరుగా చూపుతుందా? అంకెను నిలిపి ఉంచే మీట ఉన్నదా? తనంతట తాను ఆరిపోవడాన్ని ఆపవచ్చునా? లేకపోతే అరగంట పరీక్ష మధ్యలో తెర చీకటవుతుంది. మొనలు విడిగా మన కోఠి బజారులోనో, మరెక్కడైనా దొరుకుతాయా? తీగలు మీటరు కంటె ముందు తెగుతాయి. అదనంగా రెండు జతలు మొదటే కొనడం మంచిది. తెగిన మొనతో కొన్ని మీటర్లు ఖాళీ గీతలు చూపుతాయి, కొన్ని గది ఉష్ణోగ్రతనో మరేదో అంకెనో చూపుతాయి. దుకాణంలోనే ఒక మొన ఊడబీకి, తెర ఏమంటుందో చూడాలి. వేసవి సెలవులకు ప్రయోగశాల మూసేముందు బ్యాటరీలు తీసి వేరే డబ్బాలో ఉంచాలి. లేకుంటే జూన్‌లో తలుపు తెరిచేసరికి అవి కారి, లోపలి రేకులు పచ్చబడి ఉంటాయి.